ముందుకు పోతున్న బిడ్డ మళ్ళీ వెనక్కి వస్తే: ఆటిజం పిల్లల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో థెరపీ సెంటర్ల బయట ప్లాస్టిక్ కుర్చీల మీద ఐదేళ్ళు కూర్చున్నాను. లోపల పిల్లలకు సెషన్ నడుస్తుంటే బయట అమ్మల మధ్య ఇంకో క్లాసు నడుస్తుంది. జనగామ నుంచి, పరకాల నుంచి, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన వాళ్ళు అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్‌ను కాను. మావాడికి రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని తేలింది, ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఈ మధ్యలో మూడుసార్లు గట్టిగా వెనక్కి పోయాడు. మొదటిసారి మేం చేసినవన్నీ తప్పులే కాబట్టి, చెప్పడానికి నా దగ్గర సరుకు బాగానే ఉంది.

మొన్నటి దాకా మంచిగున్నడు. పది రోజుల నుంచి మళ్ళ మొదటికొచ్చిండు. నేర్చుకున్నదంతా పోయినట్టేనా?

పోలేదు. మీకు రాత్రంతా పన్ను సలిపిందనుకోండి. పొద్దున ఇంటికొచ్చిన చుట్టాలతో నవ్వుతూ మాట్లాడగలరా? మాట్లాడటం మరిచిపోయారని కాదు కదా, ఆ పూట ఓపిక లేదంతే. మన పిల్లలకు మామూలు రోజు గడవడానికే ఓపికంతా ఖర్చవుతుంది. చప్పుళ్ళు, వెలుతురు, బట్టల గరుకు, అర్థం కాని మాటలు, అన్నీ మోస్తూనే తిరుగుతుంటారు. దాని మీద ఇంకో బరువు పడితే ముందు జారిపోయేవి కొత్తగా నేర్చుకున్నవే: మాట, టాయిలెట్, చెయ్యి పట్టుకొని నడవడం. బరువు దిగితే అవి తిరిగొస్తాయి, చాలాసార్లు మొదట నేర్చుకున్నంత కాలం కూడా పట్టదు.

అందుకే "వీడిని ఎట్లా దారిలో పెట్టాలె" అనే ప్రశ్నను పక్కన పెట్టి, "వీడి మీద కొత్తగా ఏం బరువు పడింది" అని అడగండి.

రెండేళ్ళ లోపల మాటలు పోవడం కూడా ఇదేనా?

కాదు, అది వేరు. కొందరు పిల్లలు ఏడాదిన్నర అటూఇటూ వయసులో వచ్చిన నాలుగు మాటలు, చూపు కలపడం, టాటా చెప్పడం మెల్లగా మానేస్తారు. ఆటిజం బయటపడే తీరుల్లో అదొకటి. అట్లా కనిపిస్తే "మగపిల్లలకు మాటలు ఆలస్యం" అని ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

ఆ వయసులోనే టీకాలు కూడా పడతాయి కాబట్టి చాలామంది ఆ రెంటినీ ముడిపెడతారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకు, ఆటిజానికి లంకె పెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తర్వాత లక్షల మంది పిల్లలను పరిశీలించినా ఆ లంకె దొరకలేదు. చిన్నబిడ్డకు టీకాలు ఆపకండి.

ఏం కనిపిస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి?

మూడేళ్ళు దాటాక మాటలు ఉన్నట్టుండి పోతే. నడక తూలుతుంటే, చేతులతో పట్టుకోవడం తగ్గితే. కళ్ళు ఒకచోట నిలిపి, పిలిచినా తాకినా పలకకుండా కొన్ని సెకన్లు ఉండిపోతుంటే, నిద్రలో కొట్టుకుంటుంటే. ఇవి ఫిట్స్ కావచ్చు; ఆటిజం పిల్లల్లో ఫిట్స్ మిగతా పిల్లల కంటే ఎక్కువ. ఆడపిల్ల చేతులను నీళ్ళలో పిండుతున్నట్టు ఎప్పుడూ నలుపుతూ, చేతి పనులు మరిచిపోతుంటే రెట్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు జబ్బు ఉందేమో చూడాలి. పొద్దున లేవగానే వాంతులు, నీళ్ళు కూడా ముట్టకపోవడం, కళ్ళు, తల దెబ్బతినేలా కొట్టుకోవడం కూడా ఈ లెక్కలోనివే.

పోయేటప్పుడు ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియో తీసుకొని పోండి. డాక్టర్ ముందు వీళ్ళు బుద్ధిమంతుల్లా కూర్చుంటారు, మన మాట ఎవరూ నమ్మరు.

ఇవేవీ లేవు. మరి ముందు ఎక్కడ వెతకాలి?

ఒంట్లో. ఈ ఒక్క జవాబు చదివి మిగతాది వదిలేసినా నాకు బాధలేదు.

మావాడికి నాలుగున్నరేళ్ళప్పుడు తలను నేలకు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపు, రాత్రి రెండింటికి లేచి గంతులు. కొత్త థెరపిస్ట్ నచ్చలేదేమో అనుకున్నాం, మనిషిని మార్చాం. ఇంకా పెరిగింది. ఒక చోట "బిహేవియర్ ఇష్యూస్" అని రాసి మరో రెండు సెషన్లు పెంచారు. మూడో వారం ఒక పెద్దవయసు పిల్లల డాక్టర్ వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఎన్ని రోజులైంది విరేచనమై?" అని అడిగారు. రోజూ అవుతోంది సార్, పల్చగా అవుతోంది అన్నాను. ఆయన నవ్వారు. లోపల గట్టిపడి ఇరుక్కుపోయిన దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంటే మేం దాన్ని మోషన్స్ అనుకొని, పెరుగన్నం పెట్టి, ఇంకా బిగించాం. ఆయన రాసిన పొడి నీళ్ళలో కలిపి తాగిస్తే పదిరోజుల్లో తల కొట్టుకోవడం సగానికి సగం తగ్గింది. ఆ పొడిని నెలల పాటు వాడి, మెల్లగా తగ్గించాం. ఆ మూడు వారాల్లో వాడిని నేను రెండుసార్లు కొట్టాను. అది ఇప్పటికీ కడుపులో కెలుకుతుంది.

కాబట్టి వరుసగా చూడండి. కడుపు: ఎప్పుడు, ఎట్లా అవుతోంది. రోజుకు అర లీటరు దాటి పాలు తాగే పిల్లలకు మలబద్ధకం, రక్తహీనత రెండూ రావచ్చు. పళ్ళు: పుచ్చులు, ఐదారేళ్ళకు వచ్చే దవడ పళ్ళు. చెంప మీద కొట్టుకుంటే, ఒక వైపే నమిలితే నోరు తెరిచి చూడండి. చెవి: జలుబు తర్వాత చెవిపోటు, గుబిలి. గొంతు, మూత్రంలో మంట, పేలు, నులిపురుగులు, గోరు చుట్టు. నిద్ర: గురక పెడుతున్నాడా, నోటితో గాలి పీలుస్తున్నాడా. మందులు: ఆయాసానికి ఇచ్చే కొన్ని సిరప్‌లు, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు పిల్లలను చిరాకు పెడతాయి. కొత్త మందు ఏ రోజు మొదలైందో, లొల్లి ఏ రోజు మొదలైందో పక్కపక్కన రాసి డాక్టర్‌కు చూపించండి. మీ అంతట మీరు ఆపకండి.

"నొప్పి అయితే చెప్తడు కదా" అంటారు కొందరు. మాటలొచ్చిన పిల్లలు కూడా నొప్పి ఎక్కడో చెప్పలేరు. మావాడు ఇప్పటికీ కడుపు నొస్తే "ఫ్యాన్ బంద్" అంటాడు. ఎందుకో మాకూ తెలియదు, కానీ అర్థమైపోయింది.

ఒంట్లో ఏమీ లేదన్నారు. తర్వాత?

తర్వాత ఇల్లు, కేలండరు. పదిరోజుల కింద ఏం మారింది? ఆటో అన్న మారాడా, బడిలో సీటు మారిందా, గంజిపెట్టినట్టుండే కొత్త యూనిఫాం వచ్చిందా, పక్కింట్లో బోరు వేస్తున్నారా, నాన్న డ్యూటీ రాత్రికి మారిందా, కూలర్ బయటికి తీశారా. మాకు ఒకసారి గోడ సున్నం రంగు మార్చడమే కారణం. మనకు లెక్కలోకి రాని మార్పు వాళ్ళకు ఊరు మారినంత.

నోట్‌బుక్ రాయమన్నరు. ఏం రాయాలె?

నాలుగే ముక్కలు: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే మనం ఏం చేశాం. నా పాత పుస్తకంలోది ఒకటి: "బుధవారం 11.40, బడి. పక్కగదిలో డ్రమ్ ప్రాక్టీస్. చెవులు మూసుకున్నడు, తర్వాత పక్కపిల్లను గిచ్చిండు. టీచర్ బయటికి తీసుకుపోయింది. ఐదు నిమిషాల్లో నిమ్మళం."

ఇట్లాంటివి ఓ పది జమైతే దారి కనిపిస్తుంది. పిల్లలు ఇట్లా చేయడానికి మామూలుగా నాలుగు కారణాలుంటాయి: దేన్నుంచో తప్పించుకోవడానికి, ఏదో కావాలని, మనం చూడాలని, లేదా ఒంటికి ఆ కదలిక, ఆ ఒత్తిడి కావాలని. పైదాంట్లో గిచ్చితే బయటికి పోవచ్చని వాడికి తెలిసిపోయింది. గిచ్చడానికి శిక్ష వేస్తే లాభం లేదు, ఎందుకంటే బయటికి పోవాల్సిన అవసరం అట్లాగే ఉంది. చెవులు మూసుకున్న బొమ్మ ఉన్న కార్డు ఒకటి చేసి, అది చూపిస్తే వెంటనే బయటికి తీసుకుపోయేట్టు టీచర్‌తో మాట్లాడుకున్నాం. మొదటి వారం రోజుకు పదిసార్లు చూపించాడు, టీచర్ విసుక్కుంది. మూడో వారానికి రెండుకొచ్చింది. గిచ్చుడు దాదాపు ఆగిపోయింది.

బొమ్మల కార్డులు ఇస్తే మాట రాదని భయపడకండి. తన మాట చేరుతోందని తెలిసిన పిల్లలకు మాట్లాడాలనే కోరిక పెరుగుతుంది.

మొండితనమా, మెల్ట్‌డౌనా? తేడా ఎట్లా తెలుస్తది?

మొండిచేసే పిల్లవాడు మధ్యమధ్యలో మనం చూస్తున్నామా అని చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు, తనకు దెబ్బ తగలకుండా చూసుకుంటాడు. మెల్ట్‌డౌన్‌లో, అంటే బరువు మోయలేక అదుపు తప్పిన స్థితిలో ఉన్నవాడికి అడిగింది ఇచ్చినా ఆగదు. బిందె నిండి పొర్లుతున్నట్టు, అది ఖాళీ అయ్యేదాకా పొర్లుతుంది. ఒక్కోసారి మొండితనంగా మొదలై అందులోకి జారిపోతుంది కూడా, అప్పుడు ఏదో తేల్చుకుంటూ కూర్చోకుండా మెల్ట్‌డౌన్ కిందే లెక్కవేయండి.

అది నడుస్తున్నప్పుడు ఏం చేయాలి?

తక్కువ చేయాలి. లైటు ఆపండి, టీవీ ఆపండి, చుట్టూ చేరిన వాళ్ళను పంపండి. తల కింద దిండు పెట్టండి లేదా మీ అరచేయి అడ్డం పెట్టండి. "అయిపోతది, నేనున్న" అన్న ఒక్క మాట, అదీ మెల్లగా. ప్రశ్నలు వద్దు, "ఒకటి నుంచి పది లెక్కపెట్టు" వద్దు, ఆ సమయంలో మాట అర్థమయ్యే స్థితిలో ఉండడు. కొందరికి గట్టిగా పొదివి పట్టుకుంటే హాయి, కొందరికి తాకితేనే మంట. మీ బిడ్డ ఏ రకమో మీకే తెలుసు. ఎట్టి పరిస్థితుల్లోనూ బోర్లా పడుకోబెట్టి పైన బరువు వేసి పట్టకండి, ఊపిరాడదు.

అయిపోయాక నీళ్ళు తాగించి పడుకోనివ్వండి. ఉపన్యాసం తర్వాత కూడా వద్దు.

ఫోన్ ఇవ్వడం బంద్ చేసినం. ఏడుపు తగ్గుతదన్నరు, ఇంక రెట్టింపైంది!

ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారు కదా, ఇదీ అంతే. ఇన్నాళ్ళు ఏడిస్తే ఫోన్ వచ్చేది. రాకపోయేసరికి "సరిపోలేదేమో" అని ఇంకా గట్టిగా ఏడుస్తాడు. ఈ దశ ఉంటుందని ముందే తెలిస్తేనే తట్టుకోగలం. అసలు ప్రమాదం మూడురోజులు ఆగి నాలుగో రోజు ఇచ్చేయడం. అప్పుడు వాడు నేర్చుకునేది నాలుగు రోజులు ఏడిస్తే వస్తుందని.

అందుకే ఇంట్లో పెళ్ళో, మీకు జ్వరమో ఉన్న వారంలో ఇట్లాంటిది మొదలుపెట్టకండి. ఒక్కసారే తీసేయకుండా "ముందు అన్నం, తర్వాత ఫోన్" అని రెండు బొమ్మల పలక పెట్టండి. టైమర్ మోగితే ఫోన్ అల్మారాలోకి పోతుంది. కొట్టుకోవడం, కొరకడం మాత్రం "పట్టించుకోకపోతే అదే పోతది" అని వదిలేసే రకం కాదు. దెబ్బ తగలకుండా అడ్డుకోవాలి, కానీ మొహంలో గాభరా లేకుండా.

బతుకమ్మ, దసరా వస్తే మా ఇంట్లో ఆగమాగం. ఇల్లు వదిలి పోవద్దా?

పోవచ్చు, లెక్క వేసుకొని పోవాలి. ఆ రోజుల్లో అన్నీ ఒక్కసారే మీద పడతాయి: బడి సెలవులు, వినాయక చవితి డీజేల అలసట తీరకముందే బతుకమ్మ మైకులు, ఇంటినిండా చుట్టాలు, నిద్ర లేదు, తిండి మారింది, పటాకులు. దసరా తర్వాత థెరపీ సెంటర్లన్నీ వెనక్కిపోయిన పిల్లలతో నిండిపోవడంలో వింతేం లేదు.

మేం చేసేది ఇది. పదిరోజుల ముందు నుంచి పోయినేడాది బతుకమ్మ వీడియోలు ఇంట్లో చిన్న సౌండ్‌తో చూపిస్తాం. వేయి స్తంభాల గుడికి జనం రాకముందే, ఎండ ఉండగానే పోయి, మైకు మొదలయ్యేసరికి బయటపడతాం. చెవులకు ఇయర్ మఫ్స్ పెడతాం. ఎవరైనా నవ్వితే నవ్వనీ. సద్దుల రోజు పద్మాక్షి గుండం దగ్గరికి తీసుకుపోయినప్పుడు వాడి చెయ్యి పట్టుకోవడమే ఒక మనిషి డ్యూటీ, ఆ మనిషి బతుకమ్మ ఆడదు, ఫోటోలు తీయదు. మన పిల్లలకు నీళ్ళంటే లాగేసినట్టు ఉంటుంది, నీళ్ళంటే భయం తక్కువ, పిలిస్తే పలకరు. గుంపులో ఒక్క నిమిషం చాలు. చొక్కా లోపలి వైపు ఫోన్ నంబరు రాస్తాం. రంగలీల మైదానంలో రావణవధకు మాత్రం ఇప్పటిదాకా తీసుకుపోలేదు. టీవీలో చూస్తాడు, వాడికి అదే పండుగ.

ఊరికి పోతే వాడి దుప్పటి, వాడి కంచం, వాడి సబ్బు మాతో వస్తాయి. అమ్మమ్మ ఇంట్లో ఒక మూల గది వాడిది. లోపలికి పోయి తలుపేసుకుంటే ఎవరూ పిలవకూడదని ముందే చెప్తాం. మేడారం జాతరకు ఇంకా ధైర్యం చేయలేదు. ఇంటి దగ్గర్నుంచే అమ్మవార్లకు దండం పెట్టుకుంటున్నాం.

టాయిలెట్ నేర్చుకున్నడు, మళ్ళ బట్టల్లనే పోతున్నడు.

ముందు మలబద్ధకం చూడండి. ఒకసారి నొప్పి పుడితే ఆ గదంటేనే భయం పట్టుకుంటుంది. తిట్టకుండా రెండు వారాలు మొదటి నుంచి మొదలుపెట్టండి, అన్నం తిన్న పావుగంటకు కూర్చోబెట్టడంతో.

మా అత్తమ్మ అంటది: దిష్టి తగిలింది, రెండు తగిలిస్తే సోయికొస్తడు. ఏం చెప్పాలె?

దిష్టి తీయనివ్వండి, దానితో పోయేదేం లేదు. నిప్పుల మీద మిరపకాయలు మాత్రం వద్దనండి, ఆ ఘాటుకు మన పిల్లలు రెండు గంటలు తేరుకోరు. ఉప్పుతో తీస్తే చాలదా అని అడిగితే మా అత్తమ్మ ఒప్పుకుంది.

కొట్టడం సంగతి వేరు. ఆ సమయంలో వాడు నేర్చుకునే స్థితిలో ఉండడు కాబట్టి దెబ్బ వల్ల ఏమీ తెలుసుకోడు. ఒకటి మాత్రం నేర్చుకుంటాడు, కోపమొస్తే కొట్టొచ్చని. తర్వాత తమ్ముడి మీద అదే చూపిస్తాడు. పెద్దవాళ్ళతో వాదనకు దిగితే గెలవం. నేను చేసిన పని, మధ్యాహ్నం నోట్‌బుక్ బాధ్యత మా అత్తమ్మకు అప్పగించడం. ఆమెకు చదువు రాదు, నాకు సాయంత్రం నోటితో చెప్పేది, నేను రాసేదాన్ని. నెల తిరక్కుండా ఆమే అన్నది: "కరెంటు పోయినంకనే ఎక్కువ చేస్తుండు బిడ్డా." నేను, థెరపిస్ట్ ఇద్దరం పట్టుకోలేనిది ఆమె పట్టుకుంది. ఇన్వర్టర్ పెట్టించాం.

బడి వాళ్ళు "కొన్ని రోజులు ఇంట్లో ఉంచండి" అంటున్నరు.

ఒకటి రెండు రోజులంటే సరే. వారాలంటే ఒప్పుకోకండి, ఇంట్లో ఉన్నకొద్దీ తిరిగి పోవడం కష్టమవుతుంది. పూర్తి రోజు కుదరకపోతే రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుదామని మీరే అడగండి, కాగితం మీద. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరలోని బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు 31వ సెక్షన్ ఇచ్చింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ఐఈఆర్పీలు (ఈ పిల్లలకు నేర్పే ప్రత్యేక టీచర్లు) బడి టీచర్లతో మాట్లాడతారు కూడా. వాళ్ళను మధ్యలో పెట్టుకోండి, మనం ఒక్కరమే పోతే గొడవకొచ్చినట్టు చూస్తారు.

మందులు వాడాలా?

ఆటిజాన్ని తీసేసే మందు లేదు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉన్నప్పుడు డాక్టర్లు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ రాస్తారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిదాన్ని 2006లో ఐదేళ్ళు దాటిన పిల్లలకు, రెండోదాన్ని 2009లో ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఒప్పుకుంది. ఆకలి, బరువు పెరగవచ్చు, మత్తుగా ఉండవచ్చు. బరువు, షుగర్ చూపిస్తూ ఉండాలి. ఒక్కసారే మానేయకూడదు. కడుపు, పళ్ళు చూడకుండా మొదటి విజిట్‌లోనే ఇవి రాస్తే ఇంకో డాక్టర్‌ను అడగడంలో తప్పులేదు. అవసరమైన పిల్లలకు వాడటంలో కూడా తప్పులేదు, "మందుల మీద పడేసింది" అనే మాటలు వినకండి.

స్టెమ్ సెల్‌తో నయమైతదని ఫోన్లు వస్తున్నయి.

ఫోన్ పెట్టేయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి స్టెమ్ సెల్ (మూలకణాలు) ఎక్కించడం పరిశోధనే తప్ప వైద్యం కాదు, పరిశోధనకు డబ్బులు వసూలు చేయకూడదు. లక్షల అప్పు చేసి పోయిన వాళ్ళు నాకు తెలుసు.

ఖర్చు తట్టుకోలేకపోతున్నం. ప్రభుత్వం నుంచి ఏమన్న ఉంటదా?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టే డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టే కేంద్రం) పరీక్షలు, థెరపీ ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెప్తారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం, సైకియాట్రీ రెండూ ఉన్నాయి కాబట్టి ఒంటి పరీక్షలు అక్కడ చేయించుకోవచ్చు. పెద్ద అసెస్‌మెంట్ కావాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోతే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా వర్తిస్తుంది. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ముందు తీసుకోండి, పింఛనుతో సహా అన్నిటికీ అదే తాళంచెవి.

నాకే ఏడుపొస్తుంది. రాత్రుళ్ళు నిద్ర లేదు.

మీ పెనిమిటితోనో చెల్లెలితోనో రాత్రులు పంచుకోండి, వారానికి రెండు రాత్రులైనా వేరే గదిలో పడుకోండి. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డను ఏమైనా చేసేస్తానేమో అనిపించిన క్షణంలో వాడిని మంచం మీద భద్రంగా ఉంచి, బయట అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చోండి. నేను చాలాసార్లు కూర్చున్నాను.

ఇది తగ్గినంక మళ్ళ వస్తదా?

వస్తుంది. మాకు వచ్చే కాలాలు ఇప్పుడు తెలుసు: మార్చిలో ఒంటిపూట బడులు, జూన్‌లో బడి తెరవడం, దసరా, కొత్త పన్ను. మా కేలండర్‌లో జూన్ మొదటి మూడు వారాలకు పెన్సిల్ గీత ఉంటుంది. ఆ రోజుల్లో కొత్తగా ఏదీ నేర్పించం, పెళ్ళిళ్ళకు పోము. శుభలేఖ చేతికిచ్చినప్పుడే చెప్పేస్తాం. మొదట్లో చుట్టాలు నొచ్చుకున్నారు. మొన్న మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి ముహూర్తం చూసేటప్పుడు వాళ్ళే ఫోన్ చేసి, "మీ వానికి మే నెల నడుస్తదా?" అని అడిగారు.